వెనక వైపు అక్షరాలు

ఆటోనగర్‌లో నా పని లేబుళ్ల మీద.
రోలు తిరుగుతుంటే సీసా సీసాకీ
ముందు నారింజపండు నిలబడిందా,
వెనక అక్షరాలు వంకర పోలేదు కదా, చూడాలి.
పండు పెద్దది, చంటిపిల్ల చెంపంత నిగనిగ.
అక్షరాలు చీమ తలకాయలు.
"ఇంత చిన్నవి ఎవరు చదువుతారు సార్?" అంటే
సూపర్‌వైజర్ పైడిరాజు నవ్వాడు:
"చదవడానికి కాదమ్మా అవి. ఉండడానికి."

ఆరేళ్లలో నేనూ చదవలేదు.
ఐదో నెలలో చదివాను.

జగదాంబ జంక్షన్ ఫుట్‌పాత్ మీద
నలభై రూపాయలకి భూతద్దం.
అమ్మేవాడు అడిగాడు, "చూపు తగ్గిందా అక్కా?"
చూపు బాగానే ఉంది.
చూడాల్సిందే చిన్నదైపోయింది.

పేర్లు కాదక్కడ, అంకెలు.
నూట రెండు. నూట పది.
రెండు వందల పదకొండు.
కేజీహెచ్‌లో గర్భిణుల వరసలో
నాకూ చీటీ మీద ఒక అంకె వేశారు;
పిలిచారు, లేచాను.
వీటిని ఎవరు పిలిస్తే లేస్తాయో,
లేచి ఎక్కడిదాకా నడుస్తాయో,
బొడ్డుతాడు గుమ్మం దగ్గర
ఆపి చీటీ అడిగేవాళ్లు
ఉన్నారో లేరో.

డాక్టరమ్మని అడిగాను.
నా వెనక ఇంకా అరవై కడుపులు నిలబడి ఉన్నాయి.
"హద్దులో ఉంటే ఏం కాదు. అయినా తగ్గించు" అంది.
ఆ హద్దు ఎవరి బరువుకి గీశారు మేడమ్?
మిషను నన్ను యాభై రెండు కిలోలంది.
లోపలున్న ప్రాణి అరకిలో కూడా లేదు.
ఇది నేను పైకి అనలేదు.
తర్వాతి అంకెని అప్పటికే పిలిచేశారు.

నేనేం మడి కట్టుకుని కూర్చోలేదు.
మే నెల, షిఫ్టు దిగేసరికి
పోర్టు వైపు నుంచి నల్లటి గాలి, నోరంతా ఇసుక.
మా కంపెనీ సీసానే చల్లగా కొని
బస్టాపులో గటగటా తాగేశాను.
లోపల ఒక తన్ను.
ఇష్టమో, అలకో.
వీధి కొళాయి దగ్గర కొంగుతో నాలుక రుద్దుకున్నాను.
కొంగు నారింజైంది.
నాలుక అలాగే ఉంది.

మా అత్త నూకరత్నానికి చదువు రాదు.
పెదజాలారిపేట ఒడ్డున నలభై ఏళ్లుగా
మొప్ప ఎత్తి, ముక్కు దగ్గర పెట్టి
ఏ చేప ఏ జామున చచ్చిందో చెబుతుంది.
ఈ మధ్య లారీల్లో ఈగ వాలని చేపలొస్తున్నాయట.
"ఈగకున్న గేనం మనకి నేదే" అంటుంది.
ఆ సాయంత్రం నా నోటి దగ్గరకొచ్చి
ఒక్కసారి గాలి పీల్చింది.
ఏమీ అనలేదు.
మర్నాడు నా సంచిలో చోడి అంబలి,
మా కంపెనీ ఖాళీ సీసాలోనే పోసి.
లేబులు మాత్రం గోటితో గీకేసింది.
పండు సగం పోయి, సగం మిగిలింది.

పక్కింటి మరిడేశ్వరి ఏడునెలల పిల్లకి
పాలలో బిస్కట్లు నానబెడుతోంది.
డబ్బా మీద దంతాల్లేని నవ్వు.
పెద్దమనిషిలా భూతద్దం చేతికిచ్చాను.
చూసింది. మళ్లీ చూసింది.
"ఆరింటికి డూటీకెల్లాలప్పా,
మరేటి పెట్టమంటావు?"
అద్దంలో జవాబు కనిపించలేదు.
ఇద్దరం కాసేపు పిల్ల మూతి తుడిచాం.

ఎనిమిదో నెల. కరెంటు పోయిన రాత్రి.
సెల్‌ఫోను వెలుతుర్లో అత్త
భూతద్దం తీసి నా పొట్ట మీద ఆనించింది.
చర్మం సాగి పడ్డ చారలు,
సన్నగా, వంకరగా, వరస తప్పి.
వేలు పెట్టుకుని ఒక్కొక్కటీ దాటుతూ
చాలాసేపు చదివింది.

"లోపల ఏటేటి కలిపినారో
ఇక్కడ రాయనేదే గుంటా" అంది.

దీపం ఆర్పి, చీకట్లో
అంబలి గ్లాసు నా చేతికి వెతికి ఇచ్చింది.